చిన్నవెంకటమ్మ నోరు

మా ఊళ్లో ఏదైనా పోతే పోలీసు స్టేషనుకు పోవడం ఈమధ్య వచ్చిన అలవాటు. అంతకుముందు చిన్నవెంకటమ్మ దగ్గరికి పోయేవాళ్లు. కోడి పోయినా, కొడవలి పోయినా, బోరు మోటారు కేబులు ఎవడో కోసుకుపోయినా, ముందు ఆమె ఇంటి ముందు నిలబడి ఒక్కసారి వచ్చి మన్నెత్తి పోయమని అడిగేవాళ్లు. ఒక నాయకుడు ఇంకో నాయకుడి మీద దుమ్మెత్తి పోశాడని పేపర్లలో రాస్తుంటారు. ఆ నాయకులెవరూ చిటికెడు దుమ్మైనా ముట్టుకుని ఉండరు. చిన్నవెంకటమ్మ నిజంగానే పోసేది.

మా ఊరు ఆంధ్రా సరిహద్దుకు బెంగళూరు వైపున, కామసముద్రానికి దగ్గర. రాగులు, మామిడి, పట్టుపురుగులు, పాలు, వీటి మీదే బతుకు. నేను పాల సంఘం సెక్రెటరీని. ప్రతి ఇంటివాళ్లూ రెండు పూటలా క్యాను పట్టుకుని నా ముందుకు రావలసిందే కాబట్టి, ఎవరింట్లో గొడవైందో, ఎవరి ఆవు ఎప్పుడు ఈనుతుందో నాకు తెలియకుండా పోదు. నాకు నోరు తక్కువని ఇంతవరకు ఎవరూ అనలేదు. అయినా చిన్నవెంకటమ్మ నోటి ముందు నాది దేనికీ చాలదు.

దానికో పద్ధతి ఉండేది. సొత్తు పోయినవాళ్లు ఆ పోయిన చోటి నుంచి దోసెడు మన్ను తెచ్చి ఆమె చేతికివ్వాలి. ఆ రోజంతా ఆమె పచ్చి మంచినీళ్లు కూడా ముట్టదు. దీపాలు పెట్టే వేళకు కొప్పు విప్పుకుని, మా సంఘం ముందు మూడు దారులు కలిసేచోట నిలబడి, మన్ను ఎగజల్లుతూ తిడుతుంది. పేరు మాత్రం ఎత్తదు. పేరు పెడితే అది కొట్లాట, పెట్టకపోతే శాపం. తిట్టినంతసేపు వీధిలో పురుగు కూడా ఉండేది కాదు. తలుపులేసుకుని, పిల్లల చెవులు మూసి, పెద్దవాళ్లు మాత్రం వినేవాళ్లు. తెల్లారి చూస్తే పోయిన వస్తువు గడప దగ్గర ఉండేది. ప్రతిసారీ ఉండేదని నేననను. ఉన్నప్పుడు చెప్పుకునేవాళ్లం, లేనప్పుడు బయటి దొంగ అనుకునేవాళ్లం.

ఇందులో మహిమ ఉందా అని మా చెల్లెలి మొగుడు ఒకసారి నన్ను ఎగతాళి చేశాడు. ఆయన టౌనులో గుమాస్తా. మహిమ ఉందో లేదో నాకు తెలియదు కానీ ఒకటి తెలుసు. దొంగ భయపడడు, దొంగ పెళ్లాం భయపడుతుంది. పిల్లలున్న ఇల్లాలు ఆ మాటలు విని ఊరుకోదు. పక్కన పడుకున్న మొగుణ్ణి ఆ రాత్రి కునుకు తీయనివ్వదు. ఏ స్టేషను చేయగలదు ఆ పని?

చిన్నవెంకటమ్మ పుట్టుకతోనే ఇలాంటిది కాదు. ఆమె మొగుడు దాసప్ప కేజీఎఫ్‌లో బంగారు గని లోపలికి దిగి పనిచేసేవాడు. గనులు మూసేశాక దగ్గు ఒకటి వెంటబెట్టుకుని ఊరికొచ్చాడు. ఒక పాత సైకిలు కూడా తెచ్చుకున్నాడు. అది తొక్కుకుంటూ పోయి కూలి పని వెతుక్కునేవాడు. ఆ సైకిలును ఎవడో ఎత్తుకుపోయాడు. ఆ రోజు కోపమో, ఆకలో, రెండూనో, ఆమె కొప్పు విప్పుకుని వీధిలోకొచ్చింది. అంతవరకు గట్టిగా మాట్లాడి ఎరుగని మనిషి, అంత తిట్టు ఎక్కడ దాచిందోనని ఊరు విస్తుపోయింది. మర్నాడు సైకిలు తిరిగి వచ్చింది, రెండు చక్రాలకూ గాలి కొట్టించి మరీ. అప్పటినుంచి ఆ నోరు ఊరిదైంది. దాసప్ప పోయాడు, సైకిలు తుక్కులోకి పోయింది. ఆమెకు మిగిలింది కూతురు నయన, కొంచెం నేల, ఎప్పుడూ ఒక పాడి ఆవు.

ఊరికి ఆమె అంటే భయమే కానీ ఆమెకు ఆ నోరంటే చచ్చేంత భయం. పసిపిల్లల్ని, కడుపును, పంటను ఎత్తి తిట్టేది కాదు. ఉత్తపుణ్యానికి ఎవరినీ ఒక్క మాట అనేది కాదు. పాలు తక్కువ కొలిచానని నాతో వాదం పెట్టుకున్నప్పుడు కూడా అమ్మా అమ్మా అనే మాట్లాడింది. నన్నూ నాలుగు తిట్టొచ్చు గదా అని నేను నవ్వితే ఒకసారి అన్నది.

"అన్యాయం జరక్కుండా నోరు పారేసుకోకూడదమ్మా. మాటకు పస పోతాది. అవసరానికి పలకదు."

అలాంటి మనిషి దగ్గరికి అంబరీష్ వచ్చాడు. మా ఊరి బచ్చప్ప కొడుకు. బెంగళూరులో బొమ్మలు కదిలించే చదువు చదివి, అక్కడే ఒక కంపెనీలో చేరి, కరోనా రోజుల్లో కంపెనీ మూసేస్తే తిరిగొచ్చాడు. రాబర్ట్‌సన్‌పేటలో స్నేహితులతో కలిసి ఒక ఇల్లు తీసుకుని, సొంతంగా కార్టూను సిరీస్ చేస్తున్నానన్నాడు. పిల్లలకా అని అడిగాను. పిల్లలు చూడకూడనిది అక్కా అన్నాడు, ఏదో పెద్ద పరీక్ష పాసైనవాడిలా.

అతను స్పాంజి తొడిగిన మైకు పట్టుకుని చిన్నవెంకటమ్మ అరుగు మీద కూర్చుని, అవ్వా, రవ్వంత తిట్టు అని బతిమాలాడు. ఆమె కుదరదంది. తప్పు చేసినవాడు లేకుండా ఎవరిని తిట్టేది అంది. అతను తెలివైనవాడు. అయితే మొన్న రాగిచేను తొక్కిన ఏనుగుల్ని తిట్టమన్నాడు. వినాయకుణ్ణి తిడితే కళ్లు పోతాయంది. పందుల్ని అన్నాడు. ఆమె ఆగింది. ఆ వారమే అడవిపందులు వచ్చి ఆమె గెణుసుగడ్డల, అదే చిలగడదుంపల, చేను కుళ్లగించి పోయాయి. పంది కూడా వరాహస్వామే కదా అని అతనే నవ్వుతూ అడిగాడట. "ఆయప్ప భూమిని ఎత్తినాడప్పా, ఇవి నా గెడ్డలు ఎత్తినాయి" అని ఆమె మొదలుపెట్టింది.

పందులే కదా అనుకుంది. అదీ ఆమె చేసిన పొరపాటు. ఉపవాసం లేదు, కొప్పు విప్పలేదు, చేతిలో మన్ను లేదు. అప్పుడే కాఫీ తాగి ఉంది. పందికి ఇవన్నీ ఎందుకనుకుంది. జన్మలో మొదటిసారి నవ్వుకుంటూ తిట్టింది. పాలు పోయడానికి వచ్చినప్పుడు ఆ ముచ్చట నాకు చెబుతూ మళ్లీ నవ్వింది. ఆమె అలా నవ్వడం నేను దాసప్ప బతికుండగా చూశాను, మళ్లీ ఆ రోజు చూశాను.

సిరీస్ పేరు ఎనిమిదో లైను. గని కూలీలు ఉండే లైను ఇళ్లలో జరుగుతుంది కథ. అందులో ఒక స్వామీజీ గని వ్యర్థాలు పోసిన సైనైడు దిబ్బ మీది మట్టి తెచ్చి విభూది అని అమ్ముతాడు. ఒక టీవీ యాంకరు కక్కసు దొడ్లో కూర్చుని వార్తలు చదువుతుంది. ఒక ఎమ్మెల్యే ప్రతి భాగంలోనూ వచ్చి గనులు మళ్లీ తెరిపిస్తానంటాడు. భక్తి ఛానళ్లు, ఏడుపు సీరియళ్లు, పెళ్లి వీడియోలు, దేన్నీ వదల్లేదు. చూడలేనంత రోతగా ఉంటుంది, చూడకుండా ఉండలేనంత నవ్వుగా ఉంటుంది. నేనూ నవ్వాను. నవ్వొచ్చేదానికి నవ్వొస్తుంది, దానికి సంజాయిషీ ఏమిటి?

ప్రతి భాగం చివర శాపాలవ్వ అనే ముసలమ్మ వస్తుంది. కొంగు నడుముకు దోపి, ఒంటికాలి మీద రెండు గెంతులు గెంతి, వేలు చూపిస్తుంది. గొంతు మాత్రం మా చిన్నవెంకటమ్మది.

"నా గెడ్డ తవ్విన మూతి గడప కాడ కుళ్ల! తిన్నది తిన్నట్ల తీటయి పట్ట! నీ పేగులు పలుపుతాళ్లయి కొమ్మకు యాలాడ!"

అంతే, ఎదుట ఉన్నవాడి కడుపు టప్‌మని పగులుతుంది. పేగులు తాళ్లలా పోయి చెట్టుకు వేలాడతాయి. వాటికి ఎవరో ఊయల కట్టుకుని ఊగుతారు. ఎమ్మెల్యే అలా ప్రతి వారం చచ్చి, మళ్లీ వారం గనులు తెరిపిస్తానంటూ వస్తాడు. బంగారుపేట నుంచి బెంగళూరు దాకా, తెలుగు వచ్చినవాళ్లు, రానివాళ్లు, అందరూ ఆ ముక్క చూశారు.

మొదట్లో ఊరు మురిసిపోయింది. నయన బెంగళూరు గార్మెంట్స్ పనికి రైల్లో పోతూ, ఆ గొంతు మా అమ్మదే అని పెట్టెలో అందరికీ చూపించింది. తర్వాత మురిపెం ముదిరింది. చిన్నవెంకటమ్మ వీధిలో కనబడితే పిల్లకాయలు ఒంటికాలి మీద గెంతి, నోటితో టప్‌మనేవాళ్లు. మామిడికాయలు తెంపడానికి వచ్చిన కూలీలు ఒక్కసారి చెప్పవ్వా అని చుట్టూ మూగేవాళ్లు. పెళ్లికి పోతే ఫోటోగ్రాఫరు ఆమెను వేలు చూపిస్తూ నిలబడమన్నాడు. ఆమె భోజనం చేయకుండా వచ్చేసింది.

బచ్చప్ప ఇంటికి అంబరీష్ వచ్చాడని తెలిసి ఆమె వెళ్లి, ఆ మాటలు తీసేయమని అడిగింది. నేను పాల లెక్క పని మీద అక్కడే ఉన్నాను. అతను చెడ్డవాడు కాదు. లేచి నిలబడి మాట్లాడాడు, అవ్వకని కొన్న చీర కూడా లోపలినుంచి తెచ్చాడు.

"అది నువ్వు కాదవ్వా, ఉత్త బొమ్మ" అన్నాడు.

"బొమ్మ నీదేలేప్పా. నోరు ఎవురిది?"

అతను తల గోక్కున్నాడు. సిరీస్‌ను బెంగళూరు కంపెనీకి ఇచ్చేశానని, ఇప్పుడు ఒక్క ముక్క తీయాలన్నా తన చేతుల్లో లేదని, అసలు జనానికి అన్నిటికంటే నచ్చింది నువ్వేనని చెప్పాడు. ఆ చివరి మాట ఆమెకు సంతోషం కలిగిస్తుందని వాడి నమ్మకం. ఇంత చదివినవాడికి ఎదుటి మనిషి మొహం చదవడం రాలేదు. ఆమె చీర తీసుకుని నయనకిచ్చింది.

ఆ ఏడాది ఎవరిదీ ఏమీ పోలేదు. పోయినా మన్ను పట్టుకుని ఆమె దగ్గరికి ఎవరూ రాలేదు. కాబట్టి తన మాట ఏమైందో ఆమెకు తెలిసే అవకాశం రాలేదు, నాకూ తెలియలేదు.

తర్వాత ఆమె ఆవే పోయింది. ఎర్రావు, రెండో ఈత. పొదుగు దిగి నేడో రేపో ఈనేటట్టుంది. నయన ఫ్యాక్టరీ ఆర్డర్లు లేవని అప్పటికే మూతపడి ఉంది, కాబట్టి ఆ ఈత మీదే ఇద్దరి తిండీ ఆధారపడింది. మధ్యాహ్నం మామిడితోపులో కట్టేసి అన్నానికి వచ్చి, తిరిగి పోయేసరికి చెట్టుకు కోసిన పలుపు మిగిలింది. తోపు పక్కన జయరాం టెంపో ఆగి ఉండడం ఇద్దరు ముగ్గురు చూశారు. జయరాం మా ఊరివాడే, పశువుల దళారి. చూసినవాళ్లు నాకు చెప్పారు, చెప్పి చెప్పలేదనుకోమన్నారు. రేపో మాపో ఆవును ముళబాగిలు మీదుగా నంగలి దగ్గర సరిహద్దు దాటిస్తే ఆంధ్రాలో కలిసిపోతుంది. ఆపైన దేవుడు కూడా పట్టుకోలేడు.

స్టేషనుకు నేనే వెంటబెట్టుకుని పోయాను. అక్కడి కానిస్టేబులు మర్యాదగానే కుర్చీ వేశాడు. ఆవు చెవికి ట్యాగు నంబరు ఉందా, ఫోటో ఉందా అని అడిగాడు. ఆమె జవాబు చెప్పడం మొదలుపెట్టగానే అతని మొహం వెలిగిపోయింది. నువ్వు ఆ అవ్వవు గదా అన్నాడు. లోపలున్న ఇద్దరినీ పిలిచాడు. టీ తెప్పించాడు. దొంగను స్టేషనులోనే తిట్టేయవ్వా, ఇక్కడే పగిలి చస్తాడు అన్నాడు. అందరూ నవ్వారు. ఫిర్యాదు రేపు రాసుకుంటామన్నారు. నాకు ఒళ్లు మండి నాలుగు మాటలు అన్నాను. వాళ్లకు అదీ నవ్వుగానే ఉంది.

తిరిగి బస్సెక్కాం. ఊరు దగ్గర పడ్డాక, రేపు సాయంత్రం మన్నెత్తి పోస్తానంది. నయన వద్దని ఏడ్చింది. నేను వద్దనలేదు. ఇంకేం దారి ఉందని వద్దనాలి?

మర్నాడు ఆమె నీళ్లు ముట్టలేదు. తోపులో ఆవు కట్టిన చెట్టు మొదట్లో మన్ను తనే తెచ్చుకుంది. దీపాల వేళకు కొప్పు విప్పుకుని మూడు దారుల దగ్గరికి వచ్చింది. సంఘం మెట్ల మీద పాలు పోసినవాళ్లు ఇంకా ఉన్నారు. మామూలుగా అయితే ఆమె కొప్పు చూడగానే వీధి ఖాళీ కావాలి. ఆ రోజు వీధి నిండింది. ఇళ్లలోవాళ్లు బయటికి వచ్చారు, చంకన పిల్లల్ని ఎత్తుకుని ఆడవాళ్లు వచ్చారు, ఫోన్లు పైకి లేచాయి. జయరాం కరెంటు స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. వాడి పెళ్లాం బిడ్డను ముందుకు వంచి, అదో చూడు అవ్వ అని చూపించింది. ఆమె మొహంలో భయం ఇసుమంతైనా లేదు.

చిన్నవెంకటమ్మ పిడికిట్లో మన్ను పైకెత్తింది.

"నా ఎర్రావు పలుపు కోసిన చెయ్యి..."

"పడిపోను!" అని కుర్రకారు ఒక్క గొంతుతో అందుకుంది. వెనకనుంచి ఎవడో టప్‌మన్నాడు. వీధి వీధంతా నవ్వింది. ఆమె ఆగి, మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టింది. మళ్లీ అందుకున్నారు. మూడోసారి ఆమె నోరు తెరవకముందే టప్‌మన్నారు. బచ్చప్ప, డెబ్బై ఏళ్ల మనిషి, తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని భుజాలు ఊగేలా నవ్వుతున్నాడు. ఊరుకోండిరా అని నేను అరిచాను. నా అరుపు కూడా ఆటలో భాగమనుకున్నారు.

ఆమె చేతిలో మన్ను వేళ్ల సందుల్లోంచి జారిపోతోంది. చుట్టూ చూసింది. తర్వాత ఆ చేతులే జోడించింది. అంతవరకు ఊళ్లో ఎవరూ చూడని పని అది.

"ఎవురు తోలుకపోయినారో నాకు తెల్దప్పా. నేను తిట్టను. దండం పెడతా. దానికి నొప్పులు వచ్చే టైము. బండిలో ఎక్కిస్తే తట్టుకోలేదు. యాడన్నా ఇడిచిపెట్టండి, నేనే ఎతుక్కుంటా."

పైకెత్తిన ఫోన్లు కొన్ని కిందికి దిగాయి. సిగ్గు పడుతున్నారేమోనని ఆశపడ్డాను. సిగ్గు కాదు. వినోదం ఆగిపోయినందుకు తెల్లబోయారు, అంతే. స్తంభం దగ్గరినుంచి జయరాం గొంతు వినిపించింది.

"ఇది బాగలేదవ్వా. ఆ పాతది చెప్పు, పందులది. అది చెప్తే మేమందురం పొయ్యి ఎతుకుతాము."

చెప్పవ్వా, చెప్పవ్వా అని అందరూ పట్టుకున్నారు. కుర్రాళ్లు బండ్లు తీస్తామన్నారు, టార్చిలు తెస్తామన్నారు. చిన్నవెంకటమ్మ ఒక్కొక్కరి మొహమే చూసింది. జయరాం మొహం కూడా చూసింది. ఎవరన్నదీ ఆమెకు తెలుసనే నా నమ్మకం. ఆవును తీసినవాడే వెతుకుతానంటున్నాడు, ఆ బేరం ఒప్పుకోవడం తప్ప ఆమె చేతిలో ఏమీ లేదు.

జుట్టు రెండు చేతులా వెనక్కి తీసి కొప్పు ముడేసుకుంది. కొంగు నడుముకు దోపుకుంది. రోజంతా నీళ్లు లేని ఆ మనిషి, ఒంటికాలి మీద రెండు గెంతులు గెంతింది, అచ్చం బొమ్మలాగే. వేలు చూపించి, గెడ్డ తవ్విన మూతి దగ్గరనుంచి కొమ్మకు వేలాడే పేగుల దాకా ఒక్క మాట పొల్లుపోకుండా చెప్పింది. చివర అందరూ కలిసి టప్‌మన్నారు. చప్పట్లు కొట్టారు. ఈలలేశారు. నయన మొహం గోడవైపు తిప్పుకుని నిలబడింది.

ఆ తర్వాత జనం మెల్లగా సర్దుకున్నారు. ఒకరికి సీరియలు టైమైంది, ఒకరికి సంగటి కెలకాలి, ఒకరికి పట్టుపురుగులకు ఆకు వేయాలి. బండ్లు తీస్తామన్న కుర్రాళ్లు ఎవరి ఫోనులో బాగా వచ్చిందో చూసుకుంటూ వెళ్లారు. జయరాం వీడియోను ఎవరికో పంపుకుంటూ, చీకటి పడింది, ఇంగ రేపు చూద్దాములే అవ్వా అన్నాడు.

ఆమె వచ్చి సంఘం మెట్టు మీద కూర్చుంది. చెంబుతో నీళ్లిచ్చాను. గటగటా తాగేసింది. ఆయాసం తగ్గనివ్వకుండానే నా చెయ్యి పట్టుకుంది.

"బాగనే చెప్పినానామ్మా? అందురూ నవ్వినారు గదా. ఇంగ పొయ్యి ఎతుకుతారు గదా?"

వెతుకుతారన్నాను. ఇంకేమని చెప్పను.